పల్లకికి చక్రములు

క్రీ. శ. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని చెన్నపట్టణమునుండి ఒక తెలుగు ఉద్యోగి కాశీయాత్రకు బయలుదేరిరి. వారు ఏనుగుల వీరాస్వామయ్యగారు; మద్రాసు సుప్రీముకోర్టున దుబాసీగా పేరొందినవారు. సెలవు పుచ్చుకొని, సుమారు నూరుగురు పరివారముతో, సవారీలతో, డేరాలతో సాగిన యాత్ర అది. హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ చూచుకొని కలకత్తా చేరి, అచ్చటినుండి జగన్నాథము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీని తిరిగి చెన్నపట్టణము చేరిరి. దారిపొడవునను తమ మిత్రులు కోమలేశ్వరపురపు శ్రీనివాసపిళ్ళగారికి వారు వ్రాసి పంపిన విశేషములే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయినవి. అప్పటికి గ్రంథకర్త కాలధర్మము నొంది రెండేండ్లయినది.

నేడు కోల్‌కతాలోని న్యూ టౌన్‌లో కాపురమున్న తెలుగు కుటుంబము వేసవి సెలవులకు కారులో స్వగ్రామమునకు బయలుదేరినచో, దాదాపు ఆ తిరుగు దారినే పట్టవలసియుండును. హౌరా దాటి, ఖరగ్‌పూరు, బాలేశ్వరము, భువనేశ్వరము, బరంపురము గడచి ఇచ్ఛాపురమువద్ద ఆంధ్రదేశము ప్రవేశించు 16వ నంబరు జాతీయ రహదారి వీరాస్వామయ్యగారి అడుగుజాడలకు చాల దగ్గరగానే పోవుచున్నది. ఆయనకు మాసములు పట్టిన దూరమునకు ఇప్పుడు దినములు చాలును. అయినను ప్రయాణికుని పాత కోరిక యొకటి మాత్రము మారలేదు. పరుల పంచన పడక, తన పరుపు, తన పొయ్యి, తన తలుపు తన వెంట నుండవలెనన్నదే ఆ కోరిక. ఆనాడు దానికి డేరా, పల్లకి సాధనములు. ఈనాడు పశ్చిమ దేశములలో దానికి సాధనము కారు వెనుక తగిలించుకొని పోవు ఫైబరుగ్లాసు ట్రెయిలరు. ఈ రెండింటి నడుమ నూట నలువదేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టమొకటి కలకత్తా వీథులలోనే జరిగినది.

వీరాస్వామయ్యగారి గ్రంథమును చదివినవారికి ఒక విషయము వెంటనే స్ఫురించును. ప్రతి మజిలీయందును ఆయన ఊరి పేరు చెప్పి, అంగళ్ళు ఎన్ని, నీటివసతి ఎట్లున్నది, దిగుటకు చోటు కలదా లేదా అని వ్రాసికొనిరి. ఇది కేవల కుతూహలము కాదు. ఇంటిని వెంటబెట్టుకొని పోవువాడు సాయంకాలమునకు మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుకొనవలెను. ఇంటిని ఎచ్చట దింపవలెను? నీళ్ళు ఎచ్చట దొరకును? రేపు దానిని ఎవరు ఎత్తుదురు? మొదటి రెండు ప్రశ్నలకు మన దేశమున తోపులు, బావులు, సత్రములు సమాధానమిచ్చినవి. మూడవదానికి బోయీలు సమాధానమిచ్చిరి.

పల్లకి యనగా పెండ్లి యూరేగింపులలో చూచెడి అలంకారపు సవారి మాత్రమే కాదు. దూరప్రయాణమునకు వాడిన పల్లకి నిజముగా నొక చిన్న గది. పడుకొనుటకు చాలినంత పొడవు, ప్రక్కలకు జరుపు తలుపులు, లోపల పరుపు, చిన్న అరలు ఉండెడివి. డాకు పద్ధతిలో పోవువారికి ఎనమండుగురు బోయీలు, కాగడాలు పట్టు మశాల్జీలు, సామానుల కావడి మోయువారు ఏర్పాటగుదురు. నలుగురు మోయుచుండగా నలుగురు ప్రక్కన నడచుచు భుజములు మార్చుకొందురు. పది మైళ్ళ కొకసారి క్రొత్త జట్టు సిద్ధముగా నుండవలెను. లోపలివాడు రాత్రి నిద్రించి తెల్లవారుసరికి మరియొక తాలూకాలో మేల్కొనును. కదలు ఇంటియొక్క సుఖము ఇదియే. దాని వెల మాత్రము పల్లకి లోపల కనబడదు. అది బయట నడచుచుండెడిది.

డేరాల విషయమును ఇట్టిదే. కుంపిణీ కాలమున జిల్లా అధికారులు జమాబందికి పోవునపుడు రెండు జతల డేరాలు ఉండుట వాడుక. ఒకదానిలో దొర నిద్రించుచుండగా రెండవది ఎద్దుబండ్లపై రాత్రికి రాత్రి తరువాతి మజిలీకి పోయి, తెల్లవారుసరికి నిలువబడి యుండును. దొరకు ఇల్లు కదలినట్లే తోచదు. గ్రామములకు మాత్రము అది బాగుగా తెలియును. కట్టెలు, కుండలు, గడ్డి, పాలు, బండ్లు సమకూర్చు భారము గ్రామముపై పడెడిది. తెలుగు జిల్లాలలో వెట్టి యను మాటకు గల చేదు అర్థములో కొంత ఈ మజిలీలనుండి పుట్టినదే. ఆ చేదు 1921లో పలనాటిలో బయటపడినది. అడవి పుల్లరి విషయమున విసిగిన గ్రామస్థులు పర్యటనకు వచ్చిన ఉద్యోగులకు సామగ్రియు సేవయు నిరాకరించిరి.

పలనాటి కంటె దాదాపు నూరేండ్లు ముందే కలకత్తాలో భుజముపైనున్న బరువు క్రిందికి దిగినది. 1827లో ప్రభుత్వము పల్లకి బోయీలు లైసెన్సు పుచ్చుకొనవలెననియు, నంబరు బిళ్ళ ధరించవలెననియు, కాలమును బట్టి నిర్ణయించిన కూలికే మోయవలెననియు శాసించెను. ఆనాడు నగరములో పల్లకి మోయువారు చాలవరకు ఒరియా దేశీయులు. బిళ్ళ ధరించుట తమ మర్యాదకు భంగమని వారు భావించిరి. నిర్ణయించిన కూలి తమ కష్టమునకు చాలదనిరి. అందరును మైదానమున చేరి పని మానివేసిరి. దొరల పల్లకీలు వాకిళ్ళయందే నిలిచిపోయెను. మన దేశపు నగర చరిత్రలో పేర్కొనదగిన తొలి సమ్మెలలో ఇది యొకటి. ఉత్తరాదినుండి వేరు బోయీలు వచ్చి చేరుటతో క్రమముగా దాని పట్టు సడలెను. కాని ఆ దినములలోనే బ్రౌన్‌లో యను నొక ఆంగ్లేయుడు విసిగి, తన పల్లకి కొయ్యలు ఊడదీసి, క్రింద చక్రములు తగిలించి, ముందు గుఱ్ఱమును కట్టెనని చెప్పుదురు. ఆ విధమైన బండికి కలకత్తాలో ‘బ్రౌన్‌బెరి’ యను పేరు స్థిరపడెను.

ఈ కథలో కొంత అతిశయోక్తి యుండినను నీతి స్పష్టము. మోయువాడు భుజము తీసినప్పుడు గదికి చక్రము వచ్చినది. కదలు ఇంటి చరిత్ర నంతటిని ఈ యొక్క సూత్రముపై గ్రుచ్చవచ్చును. బరువు ఎన్నడును మాయము కాలేదు. ఒకరి భుజమునుండి మరియొకచోటికి మారుచు వచ్చినది.

కలకత్తాను ఈ కల మరల ఒకసారి పలుకరించినది. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1880లో ‘ఆవిరి ఇల్లు’ అను నర్థము గల పేరుతో ఒక నవల ప్రచురించెను. అందు కలకత్తా ప్రాంతమునుండి బయలుదేరిన ప్రయాణికులు ఆవిరితో నడచు ఉక్కు ఏనుగుచేత రెండు చక్రముల ఇండ్లను లాగించుకొని ఉత్తర హిందూస్థానమున తిరుగుదురు. ఇల్లు లాగు యంత్రము, వెనుక తగిలించిన గది యను ఈనాటి ట్రెయిలరు రూపము ఆ కల్పనలో పూర్తిగా కలదు. గ్రంథకర్త మన దేశమును చూచినవాడు కాడు. అయినను కదలు ఇంటికి తగిన దేశముగా దీనిని ఎన్నుకొనుట గమనింపదగినది.

అయిదేండ్లకు, 1885లో, ఆ కల బ్రిటనులో కొయ్యగా మారెను. నౌకాదళమున వైద్యుడుగా పనిచేసిన గార్డన్ స్టేబుల్స్ అనునతడు ‘వాండరర్’ అను పేరుతో ఒక బండి యింటిని ప్రత్యేకముగా చేయించుకొని, రెండు గుఱ్ఱములను కట్టి దక్షిణ ఇంగ్లండునుండి స్కాట్లండు వరకు ప్రయాణించెను. వినోదార్థమై చేయించుకొనిన తొలి కారవానుగా దానిని లెక్కింతురు. నాణ్యమైన కలపతో చేసిన ఆ యిల్లు సుమారు రెండు టన్నులు తూగెడిది. గుఱ్ఱములను చూచుటకు ఒక బండివాడును, మూడు చక్రముల సైకిలుపై ముందు పోయి దారి చూచుటకు ఒక సేవకుడును వెంటనుండిరి. స్వేచ్ఛాప్రయాణము పేరుతో బయలుదేరినవానికి సయితము మోయువారు తప్పలేదు.

మోటారు వచ్చిన తరువాత గుఱ్ఱములు పోయినవి. కొయ్యచట్రముపై రేకు కప్పిన ట్రెయిలర్లు అమెరికాలో ప్రబలినవి. 1936లో వాలీ బైయమ్ అల్యూమినియపు రేకులను రివెట్లతో బిగించి ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ను తయారుచేసెను. అది విమానమువలె మెరయుచు తేలికగా సాగునది. వెలయు అట్లే ఉండెడిది. సామాన్యుడు కొనగల కొయ్యచట్రపు ట్రెయిలరునకు రెండు దోషములు కలవు. ఒకటి బరువు. రెండవది నీరు. ప్రతి అతుకునందును వాన దూరును. దూరిన నీరు లోపలి కొయ్యను కనబడకుండ కుళ్ళించును. యజమాని చూచుసరికి పైన రంగు బాగుగనే యుండును, లోపల చట్రము పొడియై యుండును.

ఈ రెండు దోషములకును ఒకే మందుగా వచ్చినది ఫైబరుగ్లాసు. కరగిన గాజును వెండ్రుకకంటె సన్నని పోగులుగా తీసి, చాపవలె పరచి, రెసిన్ అను జిగురుతో తడిపి గట్టిపరచినచో ఏర్పడు పదార్థమిది. గాజుపోగు లాగుడుకు తట్టుకొనును. రెసిన్ దానిని ఆకారమున నిలుపును. 1930లలో అమెరికాలో గాజుపోగును విరివిగా తయారుచేయు పద్ధతి కుదిరెను. 1940లలో దీనితో పడవలు చేసిరి. 1953లో షెవర్లే ‘కార్వెట్’ కారునకు దీనితోనే ఒడలు కట్టిరి.

కెనడాలోని విన్నిపెగ్ నగరమున రే ఒలెకో అనునతడు మురుగు తొట్లను ఈ పదార్థముతో చేయుచుండెడివాడు. తొట్టిలో నీరు నిలుచుననగా, దానినే తిరగవేసిన నీరు బయటనే నిలువవలెను గదా! 1968లో అతడును అతని భాగస్వామియు పదమూడడుగుల ట్రెయిలరు నొకదానిని తయారుచేసిరి. క్రింది సగము ఒక అచ్చునుండియు, పై సగము మరియొక అచ్చునుండియు తీసి, భరిణె మూతవలె నడుమ నొకే అతుకుతో కలిపిరి. కొయ్యచట్రము లేదు. ఖాళీగానున్నప్పుడు వేయి పౌనుల లోపు తూగెడిది. బౌలర్ టోపీని పోలియుండుటచే ‘బోలర్’ అని పేరిడిరి. అనంతరము అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ‘స్కాంప్’ మొదలగునవి ఇదే పద్ధతిలో వెలువడినవి. చిన్న కారు గల గుమాస్తా, బడిపంతులు సయితము బండివాడు, సేవకుడు లేకుండ ఇంటిని వెంట గొనిపోగలిగెను. నూరుగురు పరివారముతో సాగిన సుఖము ఒక కుటుంబపు అందుబాటునకు వచ్చుట చరిత్రలో చిన్న మార్పు కాదు.

ఈ పదార్థము తెలుగువారికి క్రొత్తది కాదు. కాకినాడ, విశాఖపట్టణ తీరములలో కొయ్య తెప్పల స్థానమున ఫైబరు పడవలు వచ్చి చాలకాలమైనది. 1979లో ఆరంభమైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమము అలలలోనుండి నేరుగా ఇసుకపైకి చేరు ఫైబరు పడవలను తూర్పుతీరమున పరీక్షించెను. 2004 డిసెంబరు 26వ తేదీనాటి సునామీ తరువాత అవి మరింత విస్తరించినవి. పడవ పగిలినపుడు జాలరి చేయు చికిత్స ట్రెయిలరు యజమాని చేయవలసినదే. పగులు చుట్టును రాపిడి కాగితముతో బాగుగా గీకి, తడి ఆరనిచ్చి, గాజుచాపను ముక్కలుగా పరచి, గట్టిపరచు మందు కలిపిన రెసిన్ పూసి, గాలిబుడగలు లేకుండ రోలరుతో అణచవలెను. తడిపై పూసిన రెసిన్ పట్టదు. తొందరపడి మందు ఎక్కువ కలిపినచో చేతిలోనే గడ్డకట్టును.

ఫైబరుగ్లాసు కుళ్ళదు, తుప్పుపట్టదు అను మాట నిజమే. దానినుండి సంరక్షణ అక్కరలేదను భావము మాత్రము పొరపాటు. పై మెరుగుపూత ఎండకు పాలిపోయి సున్నమువలె చేతికి అంటును. ఏటేట మైనము పట్టించి రుద్దవలెను. గుల్లకు నీరు దూరదు గాని, గుల్లకు చేసిన ప్రతి రంధ్రమునుండియు దూరును. కిటికీల రబ్బరు పట్టీలు, కప్పుపై గాలిగూడు, రివెట్ల తలలు వర్షములకు ముందు ఒకటొకటిగా చూడవలెను. నేలబల్లలు చాల ట్రెయిలర్లలో కొయ్యవే. నీరు చేరిన ముందు మెత్తబడునవి అవియే. చక్రపు బేరింగులకు క్రొత్త గ్రీజు పెట్టవలెను. టైరు అరగకపోయినను వయసుచేత బీటలు వారును. మూసి యుంచిన గదిలో వంగదేశపు వానకాలపు చెమ్మ పదిదినములలో పరుపులపై బూజు పట్టించును. కావున గాలి యాడనీయవలెను.

లాగుటలోను ఒక ధర్మము కలదు. ట్రెయిలరు మొత్తము బరువులో నూటికి పది మొదలు పదునైదు పాళ్ళు కారు కొక్కెముపై ఉండవలెనని నియమము. ఎద్దుబండి నెరిగినవారికి దీనిని వివరింప బనిలేదు. సరకు వెనుకకు పడిన బండి కాడిని పైకెత్తి ఎద్దుల మెడపట్టెలు బిగించును; ముందుకు పడిన బండి మెడలు వంచును. తూకము తెలిసినవాడే బండి తోలువాడు. వెనుక బరువు హెచ్చిన ట్రెయిలరు వేగమునందుకొనగనే తోకవలె ఊగి కారునే త్రిప్పివేయును.

ఇట్టి యిల్లు న్యూ టౌన్‌లో నిలుచునా? రాజారహాటు ప్రాంతమున వరిచేలు, చేపల చెరువులు ఉన్న నేలపై 1999లో ఏర్పడిన హిడ్కో సంస్థ ఈ నగరమును నిర్మించెను. బాటలు విశాలములు, విశ్వబంగ్లా సరణిపై ట్రెయిలరు సుఖముగా పోగలదు. కష్టము పోవుటలో లేదు, నిలుచుటలో కలదు. బహుళ అంతస్తుల భవనములలో కారునకు గీచిన గళ్ళు కారునకే చాలును. దారిలో దింపుకొనుటకు నీరు, విద్యుత్తు, మురుగు వసతులు గల విడుదులు ఈ తీరమార్గమున విరివిగా లేవు. 2021లో కేరళ ప్రభుత్వము కారవాను విహారమునకు ఒక విధానము ప్రకటించుట ఇటీవలి మాట. 1988 మోటారు వాహనముల చట్టము ట్రెయిలరును మోటారు వాహన నిర్వచనములోనే చేర్చినది. కనుక రిజిస్ట్రేషను మొదలగు బాధ్యతలు తప్పవు. ఇక కేంద్రోద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీలో సొంత వాహనపు ఖర్చు సాధారణముగా చెల్లదను సంగతి ఈ సంచిక పాఠకులకు వేరుగా చెప్పవలసిన పనిలేదు!

అనగా, వీరాస్వామయ్యగారి మూడు ప్రశ్నలలో మూడవది తీరినది గాని, మొదటి రెండు మన దారిలో ఇంకను నిలిచియున్నవి. విచిత్రమేమనగా, 1831లో ఈ రెండింటికే సమాధానము సులభముగా నుండెను. పూరీకి పోవు యాత్రికులకై కుంపిణీవారు బాగుచేయించిన జగన్నాథ మార్గమునకు కలకత్తావాసియగు రాజా సుఖమయ రాయ్ లక్షన్నర రూపాయలు విరాళమిచ్చిరి. దాతలు దారివెంట బావులు త్రవ్వించిరి, తోపులు నాటించిరి, సత్రములు కట్టించిరి. క్రొత్తవాడు వచ్చి దిగునని తలచి నీరును నీడయు ముందే సిద్ధపరచుట ఆ కాలపు గొప్ప గుణము. ఆ గుణము రహదారి వెడల్పుతో పెరుగలేదు.

ఆ కాలపు లోపమును మరువరాదు. యాత్రికుల పేర్లు గ్రంథములందు నిలిచినవి. వారిని ఇన్ని వందల మైళ్ళు మోసిన బోయీల పేర్లు సాధారణముగా నిలువలేదు. 1827లో మైదానమున చేరినవారు బిళ్ళను త్రోసివేయుచు అడిగినది, భుజము వెనుక మనుష్యుడు కలడని గుర్తింపుమనియే. ఫైబరుగ్లాసు ట్రెయిలరుయొక్క సుగుణము అది తేలికయగుట మాత్రమే కాదు. దానిని కొనినవాడే దాని బోయీ కావలసివచ్చినది. వాన దూరినచోట రెసిన్ పూయువాడు అతడే, కొక్కెముపై తూకము చూచువాడు అతడే. తెలిసిన యజమాని సాయంకాలము మజిలీ చేరగనే, తలుపు తీయకముందు చక్రముల కడకు పోయి, నడిమి కుండను చేతితో తాకి వేడి చూచును. వేడి హెచ్చినచో బేరింగు బాధపడుచున్నదని తెలియును. పూర్వము పల్లకి దిగిన పెద్దమనిషి బోయీ భుజమువైపు ఒకసారి చూచియుండినచో, ఆ చూపును ఇట్టిదే యై యుండును. ఇల్లు వెంట రావలెనని కోరువాడు దానిని మోయుచున్నదేదో ఎరిగియుండుట ధర్మము.